నాలుగో పేరా

బార్దో, ట్యూనిస్
27 సెప్టెంబరు 1999

నా ఎడారి పిల్లా, మబ్రూకా,

నీ ఖర్జూరాల పెట్టె అందింది. అడుగున కాగితం కింద పెట్టినవీ అందాయి. మీ ఊరి నుంచి వచ్చే డ్రైవర్ ఖలీఫా పెట్టెను తీసుకొచ్చి తిన్నగా మా అత్తగారు లెల్లా జకియ్యా ముందే దించి వెళ్లాడు. ఆవిడ ఒక పండు నోట్లో వేసుకుని, "నీ స్నేహితురాలు నెల తప్పకుండా పంపుతుందేమే అమ్మాయ్, మనం ఆవిడకేం చేశామని?" అంది. "కలిసి చదువుకున్నాం కదా అత్తయ్యా" అన్నాను. ఆవిడ రెండో పండుకి చెయ్యి చాచేలోపు పెట్టె నా గదిలోకి లాక్కుపోయాను.

మూడేళ్లుగా దిగులు జబ్బుకి మందు మింగుతున్న మనిషి ఈ దేశానికి దిగులు జబ్బు ప్రొఫెసరు. నవ్వుకో. ఇక్కడ ఏ మందుల షాపుకి వెళ్లినా కౌంటరు వెనక నా విద్యార్థి ఉంటాడు. లేదంటే మా ఆయన షెద్లీ తనిఖీ చేసిన బడిలో చదివినవాడుంటాడు. నువ్వు మీ పిన్ని పేరు మీద కొని పంపకపోతే ఏనాడో మంచం పట్టేదాన్ని. ఫోను చెయ్యమని రాశావు. మా ఇంట్లో ఫోను మా అత్తగారి కుర్చీ పక్కన ఉంటుంది. కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

ఇక అసలు సంగతి. దిగులు, ఆందోళన జబ్బుల చికిత్సకి జాతీయ మార్గదర్శకాల ముసాయిదా తయారైంది. నేను అధ్యక్షురాలిగా ఉన్న కమిటీకి రెండేళ్ల చాకిరీ. అచ్చుకి ముందు దాన్ని కొన్ని ఊళ్లలో పరీక్షించి చూడాలి. మీ దవాఖానా పేరు నేనే వేశాను, తిట్టుకోకు. నలభై మంది రోగుల్ని ఫారం ప్రకారం చూడాలి. మందులు మేమే పంపుతాం, కానీ ఫారం నిండితేనే స్టోరువాడు ఇస్తాడు.

నాలుగో పేరా శ్రద్ధగా చదువు. అది నేను రాసింది. "మందు మొదలుపెట్టే ముందు రోగి కుటుంబ పెద్దను పిలిచి, జబ్బు పేరు చెప్పి, సంతకం తీసుకోవాలి." మిగతాదంతా ఫ్రెంచివాళ్ల పుస్తకం చూసి రాసిందే. వాళ్ల పుస్తకంలో డాక్టరు, రోగి ఇద్దరే ఒక గదిలో ఉంటారు. మన దగ్గర రోగి ఒంటరిగా ఉంటుందా? ఇల్లే ఆమెకి సగం మందు. ఈ పేరా చదివి మంత్రిగారు లేచి నిలబడ్డారు తెలుసా.

నీ పొగడ్త కోసం చూస్తూ,
రౌదా


దూజ్
7 అక్టోబరు 1999

రౌదా ప్రొఫెసరమ్మకి,

పొగడ్త తర్వాత. ముందు నీ ప్రశ్నల సంగతి విను. "గత రెండు వారాల్లో మీకిష్టమైన పనుల మీద ఆసక్తి తగ్గిందా?" అని ఒక ఒంటెల కాపరిని అడిగాను. "ఇష్టమైన పని ఏదో ముందు మీరు చెప్పండి డాక్టరమ్మా, తగ్గిందో లేదో నేను చెప్తా" అన్నాడు. మా నర్సు హమ్మాదీ అతనికి సున్నా మార్కులు వేసి పంపేశాడు. అతను నాలుగు నెలలుగా నిద్రపోవడం లేదు.

అయినా ఫారాలు నింపుతున్నాం. పదిమంది అయ్యారు. సంతకాలకి ఇబ్బంది లేదు, అందరూ మగవాళ్లే. మగవాడికి అతనే కుటుంబ పెద్ద. అతని సంతకం అతనే పెట్టుకుంటాడు. ఈ ముచ్చట మీ కమిటీకి తోచిందా?

పదకొండో మనిషి దగ్గర ఆగిపోయాను. పేరు సాల్హా, ముప్పై ఒక్క ఏళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. ఖర్జూరాల ప్యాకింగ్ షెడ్డులో పని. ఈ రోజు గురువారం సంత కదా, మిరపకాయలు కొనాలని ఇంట్లో చెప్పి దవాఖానాకి వచ్చింది. ఆరు నెలలుగా తెల్లవారితే ఏడుపట. ప్యాకింగ్ బల్ల ముందు కూర్చుని చేతులు ఎందుకున్నాయో మర్చిపోతుందట. నీ కొలతలో ఇరవై ఒకటి వచ్చింది, అంటే తీవ్రం. మందు మొదలుపెట్టాలి, వెంటనే.

"మీ ఇంటాయన్ని పిలిపించాలి" అన్నాను. బుట్ట చంకన పెట్టుకుని లేచింది.

"ఆయన్ని పిలుస్తావా డాక్టరమ్మా? అయితే నాకేం జబ్బు లేదు. అలాగే రాసుకో."

"అన్నదమ్ములున్నారా?"

"ఒకడున్నాడు. లిబియాలో. బతికున్నాడో లేదో."

వచ్చే గురువారం రమ్మన్నాను. ఆమె భర్త అమార్ నాకు తెలుసు. చెయ్యెత్తే రకం కాదు. పెళ్లాం గురించి నలుగురిలో నవ్వుతూ మాట్లాడే రకం. ఈ ఒక్క మనిషికి సంతకం లేకుండా మందివ్వమని స్టోరువాడికి ఒక చీటీ రాయి. ఇంకా మంచిది, ఆ పేరాలో "రోగి ఒప్పుకుంటేనే" అని ఒక్క ముక్క చేర్చు.

నీ పెట్టె వచ్చే నెల మొదట్లో పంపుతాను.

మబ్రూకా


బార్దో
15 అక్టోబరు 1999

ఏమే మబ్రూకా,

పదో రోగి దాకా బాగా నవ్వించావు. ఆ తర్వాత ఉపన్యాసం మొదలెట్టావు.

ఒక చీటీ రాస్తే అది పరీక్ష ఎలా అవుతుంది? రేపు బిజెర్త్ డాక్టరు ఇంకొకటి అడుగుతాడు, ఎల్లుండి కాఫ్‌లో ఇంకొకరు. మార్గదర్శకం అంటే అందరికీ ఒకటే. "రోగి ఒప్పుకుంటేనే" అని రాస్తే ఏ ఒక్కరూ ఒప్పుకోరు. పేరా ఎందుకిక? కమిటీలో నాతో కలిపి పదకొండుమందిమి. ఐదుగురు ఆ పేరా తీసెయ్యమంటున్నారు, ఐదుగురు ఉంచమంటున్నారు. అది నా ఓటు మీద బతుకుతోంది. నేనే వెనక్కి తగ్గితే నవ్వులపాలవుతాను.

ఆ మొగుణ్ని పిలువు. కూర్చోబెట్టి మంచిగా చెప్పు. మగవాళ్లు డాక్టరు ముందు పిల్లుల్లా ఉంటారు. నువ్వు అందరినీ అనుమానంగా చూస్తావు, చదువుకునే రోజుల నుంచీ అంతే.

నా సంగతా? ఫరవాలేదు. పొద్దున్న ఎనిమిదింటిదాకా గోడ చూస్తూ పడుకుంటాను, తర్వాత లేచి లిప్‌స్టిక్ వేసుకుని దేశాన్ని బాగుచెయ్యడానికి వెళతాను. షెద్లీకి మాత్రం తెలియకూడదు. తెలిస్తే తిట్టడు, కొట్టడు. "నీకు విశ్రాంతి కావాలి రౌదా" అంటాడు, ఎంతో ప్రేమగా. ఆ తర్వాత ఇక గడప దాటను. కిందటేడు వాళ్ల చెల్లెలికి జరిగింది అదే. ఆ పిల్ల ఇప్పుడు మ్లూఖియా కూర వండుతూ వంటింట్లో ఉంటుంది, వంట బాగా కుదిరిందని అందరూ మెచ్చుకుంటారు.

పెట్టె మర్చిపోకు.
రౌదా


దూజ్
4 నవంబరు 1999

రౌదా,

పెట్టె ఖలీఫా చేతికి ఇచ్చాను. పండ్లు కొత్త కోతవి.

సాల్హాకి సంతకం అయింది. కబురు ఎలా వెళ్లిందో, హమ్మాదీ పంపినట్టున్నాడు, అమార్ శుక్రవారం దిగాడు. బూట్లకి పాలిష్, తలకి నూనె. సాల్హాను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. నీ పేరాలో ఉన్నట్టే జబ్బు పేరు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే మా ఆవిడ మనసు సరిగా లేదనేగా?"

"అలసిపోయింది. మందుతో తగ్గుతుంది."

"అలసట అని కాగితం మీద లేదే. ఇక్కడ డిప్రెషన్ అనుంది. తీవ్రం అని కూడా ఉంది."

ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టాడు. తర్వాత, "కుటుంబానికో కాపీ ఇవ్వాలని కింద రాసుంది, ఇప్పించండి" అన్నాడు. రాసుంది, నిజమే. ఇచ్చాను. ఆ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుంటుంటే సాల్హా నా వైపు చూసింది. ఆ చూపు ఎలా ఉందో నీకు రాయను.

సాయంత్రానికల్లా కాఫీ హోటల్లో ఆ కాగితం చేతులు మారిందట. ఈ రోజు సంతలో ఆమె మిరపకాయలు బేరం చేస్తుంటే వెనక ఎవడో, "తీవ్రమంట, జాగ్రత్త!" అన్నాడు. పదిమంది నవ్వారు. షెడ్డు మేస్త్రీ ఆమెని పని మానిపించాడు, పండ్లలో ఏమన్నా కలిపితే ఎవరు పూచీ అని.

మందు ఆమె ముట్టుకోలేదు. "వేసుకుంటే నిజమని ఒప్పుకున్నట్టే కదా డాక్టరమ్మా" అంది.

ఆ పేరా తీసెయ్యి రౌదా.

మబ్రూకా


బార్దో
12 నవంబరు 1999

మబ్రూకా,

ఖర్జూరాలు అద్భుతం. మా అత్తగారు నిన్ను దీవించింది.

సాల్హా విషయం చదివి బాధపడ్డాను, నిజంగా. కానీ సంత జనం నవ్వారని నేను చట్టం రాయలేను. నలభైమందిలో ఒకరికి కలిసిరాలేదు. ఏ మందుకైనా ఆ మాత్రం ఉంటుంది, నీకు తెలియనిది కాదు.

నీకు కోపం రాకుండా ఒక సంగతి చెప్పాలి. నువ్వు పంపిన ఫారాల్లో పదకొండోది నిన్న కమిటీలో తెర మీద చూపించాను. పేరు దాచానులే, భయపడకు. ఎక్కడో ఎడారి చివర, చదువు అంతంతమాత్రమైన మనిషి, భార్య కోసం దవాఖానాకి వచ్చి, అంత చక్కగా సంతకం పెట్టి, కాపీ కూడా అడిగి తీసుకున్నాడు. కుటుంబం భాగం పంచుకోవడమంటే ఇదీ అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత సంగతి వాళ్లకి చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

ఆమెని మందు వేసుకోమను. వేసుకుంటే నెలన్నరలో ఆమే నీకు థాంక్స్ చెబుతుంది.

నీ రౌదా


దూజ్
25 నవంబరు 1999

రౌదా,

చప్పట్లు కొట్టించుకున్నావు. సరే.

అమార్ విడాకులకి దావా వేశాడు. పిల్లలు తనకే కావాలన్నాడు. అతని లాయరు జడ్జి ముందు పెట్టిన ఒకే ఒక్క సాక్ష్యం నీ ఫారం. మొదటి పేజీలో ప్రభుత్వ ముద్ర, చివరి పేజీలో నా సంతకం. నన్ను పిలిచారు. "ఈ కాగితం నిజమేనా, అబద్ధమా?" అని అడిగాడు జడ్జి. నిజమేనన్నాను. "తీవ్రం అని రాసింది మీరేనా?" నేనేనన్నాను. వైద్యం చేస్తే తగ్గేదని చెప్పబోయాను. "మందు వేసుకుంటోందా?" అన్నాడు. లేదన్నాను. దావా తేలేదాకా పిల్లలు తండ్రి దగ్గరే అన్నాడు. ఇద్దర్నీ అప్పటికప్పుడు వాళ్ల నాయనమ్మ తీసుకుపోయింది. చిన్నదానికి నాలుగేళ్లు. వాళ్లమ్మ ముసుగు కొంగు వదలకపోతే వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు.

ఇప్పుడు ప్రతి గురువారం సాల్హా దవాఖానా మెట్ల మీద కూర్చుంటోంది. మందుకి రాదు. "ఆ కాగితంలోంచి నా పేరు తీసెయ్యి డాక్టరమ్మా. నువ్వు రాసిందేగా, నువ్వే తీసెయ్యి" అంటుంది. అంతకు మించి మాట్లాడదు.

నీకొక అబద్ధం రాశాను. అమార్‌కి కబురు పంపింది హమ్మాదీ కాదు, నేనే. సాల్హా వద్దన్నా పంపాను. నలభై ఫారాలు పూర్తిచెయ్యాలి, ప్రొఫెసరు రౌదాకి పరువు తక్కువ కాకూడదు అనుకున్నాను. నీకు మూడేళ్లుగా మా పిన్ని పేరుతో, సంతకం లేకుండా, నా జీతంలోంచి కొని పంపుతున్నాను. అదే పని సాల్హాకి చెయ్యొచ్చని నాకు తోచనే లేదు. నువ్వు స్నేహితురాలివి, ఆమె పదకొండో నెంబరు. ఇది తల్చుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తోంది.

నీది ఒక్క ఓటు. తీసెయ్యి. ఇది నేను బతిమాలుకోవడం అనుకో.

మబ్రూకా


బార్దో
1 డిసెంబరు 1999

డాక్టర్ మబ్రూకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు నలతగా ఉన్నట్టుంది. ఆ ప్రశ్నల కాగితం ఒకసారి నువ్వూ నింపుకో, తప్పేం లేదు.

జడ్జి చేసింది నా మీద రుద్దకు. కబురు పంపింది నువ్వు, "తీవ్రం" అని రాసింది నువ్వు, కోర్టులో నిజమేనన్నదీ నువ్వు. ఇన్నీ నువ్వు చేసి పేరా నాది అంటావేం? ఈ నెల పద్నాలుగున చివరి సమావేశం. ముసాయిదా ఉన్నదున్నట్టు అచ్చుకి వెళుతుంది. దీని గురించి ఇక రాయవద్దు.

పెట్టె ఇంకా రాలేదు. నా దగ్గర పదకొండు మిగిలాయి. ఉపవాసాలు మొదలయ్యేలోపు పంపు.

రౌదా


దూజ్
9 డిసెంబరు 1999

ప్రొఫెసర్ రౌదా గారికి,

పెట్టె పంపుతున్నాను. అడుగున ఏమీ లేదు, వెతకవద్దు.

మీరు చెప్పినట్టే ప్రశ్నల కాగితం తీశాను, కానీ నింపింది నాకు కాదు. మూడేళ్లుగా మీరు రాసిన ఉత్తరాలు ముందు పెట్టుకుని మీకు నింపాను. పొద్దున్న గోడ చూస్తూ పడుకోవడం, ఆకలి లేకపోవడం, బతికి ఏం లాభమని మార్చిలో రాసిన వాక్యం, అన్నీ. మీకు పంతొమ్మిది వచ్చింది. రాస్తున్నది నా రోగికి, అందుకని మర్యాదగా "మీరు" అంటున్నాను.

మార్గదర్శకం అందరికీ ఒకటే అని మీరే రాశారు. మందు మొదలుపెట్టే ముందు కుటుంబ పెద్దను పిలిచి, జబ్బు పేరు చెప్పి, సంతకం తీసుకోవాలి. నేను మూడేళ్లు ఆలస్యం చేశాను, క్షమించండి. ఈ రోజు ఖలీఫా చేతికి రెండు కవర్లు ఇస్తున్నాను. ఒకటి ఇది. రెండోది తనిఖీ అధికారి షెద్లీ గారికి, ఆయన ఆఫీసు అడ్రసుకి. అందులో ఫారం ఉంది, పేరు దాచలేదు. కుటుంబానికో కాపీ కూడా పెట్టాను.

మెట్ల మీద సాల్హా కూర్చుని ఉంది. మీకు రాస్తున్నానని చెప్పాను. "ఆవిడకి పిల్లలున్నారా?" అని అడిగింది. లేరన్నాను. "అయితే నయం" అంది.

మీ వైద్యురాలు,
మబ్రూకా


బార్దో
9 డిసెంబరు 1999

మబ్రూకా, నా తల్లీ,

నన్ను తిట్టు, ఎంత తిట్టినా పడతాను.

నిన్న మా అత్తగారు నా మంచం కింద చిమ్ముతుంటే ఖాళీ మాత్రల అట్ట దొరికింది. వేలితో పట్టుకుని హాల్లోకి తెచ్చింది. "ఇవేంటే అమ్మాయ్?" అంది. షెద్లీ పేపరు చదువుతున్నాడు. "కడుపులో మంటకి అత్తయ్యా" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు వెతుక్కుంది, కనబడలేదు, అట్ట బుట్టలో పడేసింది. అంతే జరిగింది. నేను బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి కింద కూర్చున్నాను.

అలా కూర్చుని సాల్హా గురించి ఆలోచించాను. మొట్టమొదటిసారి. తెర మీద ఆమె ఫారం పెట్టి నవ్వుతూ నిలబడ్డానే, సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నేను మా ఇంట్లో ఒక్క మనిషికి చెప్పలేనిది దేశంలో ప్రతి ఆడదీ చెప్పి తీరాలని రాశాను. ఎందుకు రాశానో కూడా చెబుతాను. మా వాళ్లు అలా ఉండరని, చెబితే దగ్గరికి తీసుకుంటారని, నాకు నమ్మాలని ఉండేది. మంత్రిగారు లేచి నిలబడితే నిజమే అనుకున్నాను.

మంగళవారం సమావేశంలో పేరా తీసేస్తున్నాను. తీసెయ్యమన్న ఐదుగురూ నాతో ఉన్నారు, ఫోన్లో మాట్లాడాను, మా అత్తగారి పక్కనే నిలబడి. నేను వెళ్లి చెయ్యెత్తితే చాలు. తర్వాత ఆ జడ్జికి కమిటీ తరఫున ఉత్తరం రాస్తాను. ఈ ఫారం వైద్యానికే గానీ కోర్టుకి కాదని, మందుతో తగ్గే జబ్బని, తల్లిగా ఉండడానికి అడ్డం కాదని. నా పదవి పేరు మీద వెళితే వింటారు. సాల్హాతో చెప్పు, పిల్లల్ని రప్పిద్దాం. తప్పకుండా చెప్పు, పాపం ఎదురుచూస్తుంటుంది.

మాత్రలు మూడున్నాయి. వాటిని సగం సగం చేసుకుని మంగళవారం దాకా లాగుతాను.

నిన్నింకెప్పుడూ బాధపెట్టను,
రౌదా


బార్దో
16 డిసెంబరు 1999

గౌరవనీయులైన డాక్టర్ మబ్రూకా గారికి,

నమస్కారం. నేను రౌదా భర్తను, షెద్లీని. శనివారం మీ కవరు ఆఫీసుకి అందింది. మా కుటుంబం మీకు ఎంతో రుణపడి ఉంది. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి ఈ విషయం గమనించనందుకు నేను, మా అమ్మగారు సిగ్గుపడుతున్నాం. మీరు నియమం ప్రకారం నాకు తెలియజేశారు. అందరు డాక్టర్లూ మీలాగే ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో కదా.

ఫారం మీద సంతకం చేసి జతపరిచాను. కుటుంబం కాపీ జాగ్రత్తగా దాచాను.

ఆదివారం నాడు మీరు మా ఇంటికి నాలుగుసార్లు ఫోను చేశారని అమ్మగారు చెప్పారు. సోమవారం ఖలీఫా రౌదా పేరుకి మీ ఇంకో ఉత్తరం తెచ్చాడు. క్షమించాలి, తెరిచి చదివాను. మంగళవారం ఎలాగైనా సమావేశానికి వెళ్లమని, నా దగ్గరున్న ఫారం తీసుకుని చించెయ్యమని మీరు అందులో ఆమెను ప్రాధేయపడ్డారు. స్నేహం కొద్దీ రాశారని అర్థం చేసుకోగలను. కానీ మీ చేత్తోనే పంతొమ్మిది అని రాశారు కదండీ. అంత జబ్బులో ఉన్న మనిషిని అంతమంది మగవాళ్ల మధ్యకి వాదులాడడానికి ఎలా పంపుతాం? ఆమె గదిలోంచి తలుపు చాలాసేపు కొట్టింది. ఆందోళన ఎక్కువైతే రోగితో వాదించవద్దని మార్గదర్శకాల్లో ఉంది, ఆమె బల్ల మీద ఉన్న ప్రతిలో చూశాను. మేం వాదించలేదు. ఆ ఉత్తరం ఆమెకి ఇవ్వలేదు.

ఆరోగ్యం బాగాలేక అధ్యక్ష పదవి వదులుకుంటున్నట్టు ఆమె తరఫున నేనే రాసిచ్చాను. సమావేశం బాగా జరిగిందని విన్నాను. ఆమె మీదున్న గౌరవంతో నాలుగో పేరా ఉన్నదున్నట్టు, ఏకగ్రీవంగా ఆమోదించారట. వ్యతిరేకించేవాళ్లు కూడా ఆమె మనసు నొప్పించడం ఇష్టంలేక చెయ్యెత్తారట. జనవరిలో అచ్చవుతుంది.

సాల్హా అనే ఆవిడ గురించి రౌదా పదే పదే అడుగుతోంది. ఎవరో మాకు తెలియదు. రోగులు కొన్ని పేర్లు పట్టుకుని ఉండిపోతారని ఇప్పుడు ఆమెను చూస్తున్న డాక్టరుగారన్నారు.

మాత్రలు ఇప్పుడు మా అమ్మగారి దగ్గర ఉంటాయి, వేళకి ఆవిడే ఇస్తారు. ఖర్జూరాలు పంపే శ్రమ ఇక తీసుకోకండి. ఏదైనా రాయవలసి వస్తే నా పేరుకే రాయండి.

కృతజ్ఞతలతో,
షెద్లీ